దివాను లెక్కయు, చరిత్రకారుని సాక్ష్యమును

స్థానికచరిత్ర రచన ఆంధ్రదేశమున నింకను తగిన గౌరవము నందలేదు. రాజవంశముల క్రమమును నిర్ణయించినవాడు చరిత్రకారుడని పిలువబడును. కవుల కాలమును తేల్చినవాడు పరిశోధకుడని కొనియాడబడును. ఒక తాలూకాలోని చెరువులను, తూములను, గుడిగోడలను, ఊళ్ళపేర్లను, శిస్తులెక్కలను ఓపికతో వెదకి వ్రాసినవానికి మాత్రము బిరుదమును లేదు, సన్మానమును లేదు. అయినను దేశచరిత్ర యనునది గ్రామచరిత్రల మొత్తమే గాని వేఱొకటి గాదు. ఇట్టి రచనకు ముఖ్యముగా కావలసిన గుణమేది? అది పాండిత్యమా, దేశాభిమానమా, లేక వేఱొక శీలమా? ఈ ప్రశ్నను మునగాల సంస్థానమునకు దివానుగా నుండి చరిత్రపరిశోధన సాగించిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు కృషి నాధారముగా గొని, చేవెళ్ళ మొయినాబాదు ప్రాంతమును నిదర్శనముగా నుంచుకొని విచారించుట ఈ వ్యాసమునకు విషయము.

మొదట నిదర్శనమును చూడవలెను. హైదరాబాదునుండి పడమటగా వికారాబాదునకు పోవు బాటమీద ముందు మొయినాబాదును, దాని కావల చేవెళ్ళయు నున్నవి. ఊడలు దిగిన మఱ్ఱిచెట్లచే ఆ బాట ప్రసిద్ధమైనది. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ యీ ప్రాంతపు నీటిని గొనియే నగరము చేరుచున్నది. 1908వ సంవత్సరపు వరద హైదరాబాదును ముంచిన పిమ్మట, ఆ నదిపై ఉస్మాన్‌సాగరు 1920లోను, దాని యుపనదియైన ఈసీపై హిమాయత్‌సాగరు 1927లోను నిర్మింపబడినవి. ఉస్మాన్‌సాగరు చెంత నున్న చిలుకూరు వేంకటేశ్వరాలయముచే నేడు ప్రఖ్యాతము. ఆ చిలుకూరే ఒకప్పుడు జైనులకు ముఖ్యస్థానమై యుండెనని చరిత్రజ్ఞు లెఱుగుదురు.

మొయినాబాదు మండలమునందలి ఎనికేపల్లిలో, గ్రామపు చెరువుతూమునకు చేర్చి కట్టబడిన రెండు చతురస్రస్తంభములు 2023లో పురావస్తుపరిశోధకుడు ఈమని శివనాగిరెడ్డి దృష్టికి వచ్చెను. ఒకటి గ్రానైటు శిల, మఱొకటి నల్లని బసాల్టు శిల. నాలుగు వైపులను ధ్యానముద్రలో నున్న తీర్థంకరుల మూర్తులు చెక్కబడి యున్నవి. వానిని ఆదినాథ, నేమినాథ, పార్శ్వనాథ, వర్ధమాన మహావీరులుగా గుర్తించిరి. స్తంభములపై తెలుగు కన్నడములకు సమానమైన ప్రాచీనలిపిలో శాసనములు గలవు. శిల్పరీతినిబట్టి యవి క్రీస్తుశకము 9, 10 శతాబ్దులవని యూహించిరి. కాని రాళ్ళు కట్టడములో నిమిడియుండుటచే శాసనమును సమగ్రముగా చదువుటకు నాడు వీలుపడలేదు.

ఈ రెండు రాళ్ళు సామాన్యములు గావు. ఆ కాలమున తెలంగాణపు పెద్దభాగము రాష్ట్రకూటుల యధీనమున నుండెను. వారికి సామంతులైన వేములవాడ చాళుక్యులు జైనమును పోషించిరి. రెండవ అరికేసరి యాస్థానమున పంపకవి 941 ప్రాంతమున విక్రమార్జునవిజయమును కన్నడమున రచించెను. ఆతని తమ్ముడు జినవల్లభుడు కరీంనగరు మండలమున కుర్క్యాల చెంత బొమ్మలగుట్టపై వ్రాయించిన శాసనమున సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందపద్యములును గలవు. నన్నయకు నూఱేండ్లకు పైగా పూర్వమే కందము తెలంగాణపు రాతిపై నిలిచినదను విషయము ఆ యొక్క గుట్టవలన తెలియవచ్చెను. మూడవ అరికేసరి 966లో సోమదేవసూరికి లేంబులపాటకమునందలి శుభధామ జినాలయమునకై గ్రామదానము చేసిన సంగతి పర్భణీ తామ్రశాసనమువలన తెలియుచున్నది. కావున ఎనికేపల్లి తూమువద్ద నిలిచిన రాతిలో నేమున్నదో తెలిసికొనుట మతచరిత్రకే గాక భాషాచరిత్రకును సంబంధించిన పని. అం దొక దానపు లెక్కమాత్రమే యుండవచ్చును. ఒక యూరిపేరు మాత్రమే యుండవచ్చును. చదువక మునుపు ఏదియు చెప్పరాదు.

ఇచ్చట చరిత్రకారునికి రెండు ప్రలోభములు కలుగును. మొదటిది, చదువని శాసనమునకు అర్థము చెప్పుట. చిలుకూరు సమీపముననే యున్నది గనుక ఈ స్తంభములు నిస్సంశయముగా అచ్చటివే యనియు, ఫలానా రాజే వేయించెననియు, ఫలానా రాజే ధ్వంసము చేసెననియు కథ యల్లుట సులభము. రెండవది, ఈ కథ యెవరికి ప్రియమో వారి కనుకూలముగా దానిని మలచుట. ఒకరికి జైనుల వైభవము కావలెను, ఒకరికి శైవుల విజయము కావలెను, ఒకరికి తెలుగు ప్రాచీనత కావలెను, మఱొకరికి తమ యూరి గొప్ప కావలెను. ఈ నలుగురిని తృప్తిపఱచు చరిత్ర నాలుగు విధముల నసత్యమగును. రాతిని తెచ్చి తూమునకు చేర్చిన కూలివాడు దానిని చెఱుపలేదు. అది నేటికిని నిలిచియే యున్నది. చదువక యర్థము చెప్పు పండితుడు మాత్రము దానిని నిజముగా చెఱుపును.

ఈ ప్రలోభములను నిగ్రహించిన చరిత్రకారుడు లక్ష్మణరావు. ఆయన 1877లో కృష్ణామండలమునందలి పెనుగంచిప్రోలున జన్మించెను. బాల్యముననే పితృవియోగము కలుగగా, అక్క భండారు అచ్చమాంబ యింట నాగపురప్రాంతమున పెరిగి విద్యనభ్యసించి, ఎం.ఏ. పట్టమును పొందెను. అచ్చట మరాఠీభాష యాయనకు మాతృభాషతో సమానమాయెను. మహారాష్ట్రమున నప్పుడు చరిత్రరచన కొత్తదారి పట్టుచుండెను. విశ్వనాథ కాశీనాథ రాజవాడే వంటి పరిశోధకులు ఊరూర తిరిగి, పాతపెట్టెలలోని జాబులను, లెక్కలను, సనదులను వెలికితీసి, బఖరుల యందలి కథలను వానితో సరిచూచుచుండిరి. కథకంటె కాగితము బలవత్తరమను నమ్మకము ఆ గాలిలో నుండెను. శివాజీ చరిత్రతో తెలుగున చరిత్రరచన నారంభించిన లక్ష్మణరావు ఆ గాలిని పీల్చినవాడు.

అచ్చమాంబయు నీ మార్గముననే నడచెను. ఆమె రచించిన అబలా సచ్చరిత్రరత్నమాల, స్త్రీలు విద్యకును సామర్థ్యమునకును తగరను వాదమును ఉపన్యాసముచే గాక చరిత్రచే ఖండించిన గ్రంథము. పేర్లు, ఊళ్ళు, చేసిన పనులు చెప్పి, తీర్పును చదువరికి విడుచుట ఆ గ్రంథపు పద్ధతి. ఆమె 1905లో స్వర్గస్థురాలయ్యెను. తమ్ముని పరిశోధనాశీలమున అక్కయింటి పాఠమునకును భాగము కలదని చెప్పుట యుక్తము.

మునగాల పరగణా యొక విచిత్రస్థానము. అది కృష్ణామండలమునకు చెందినదయ్యును నలువైపుల నిజాము రాజ్యముచే చుట్టబడి యుండెను. అచ్చటి జమీందారు నాయని వేంకటరంగారావు విద్యాభిమాని. లక్ష్మణరావు ఆయనవద్ద దివానై, ఇంగ్లీషు పాలనలోని నేలపై నిలిచి నిజాము రాజ్యమునందలి తెలుగువారి స్థితిని ప్రతిదినమును చూచెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటయు, 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలయుటయు ఈ దివానును, ఆ జమీందారును, రావిచెట్టు రంగారావును కలిసి చేసిన కృషి ఫలములే. చరిత్రలు, జీవితచరిత్రలు, ప్రకృతిశాస్త్రములు తెలుగున వ్రాయించి చవుకగా నందించిన మండలి యది. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము మొదటి భాగము 1910లో ఆ మండలి ద్వారానే వెలువడెను.

దివానుగిరి యనునది లెక్కల యుద్యోగము. వచ్చిన ప్రతి రూపాయికిని రసీదుండవలెను, పోయిన ప్రతి రూపాయికిని బిల్లుండవలెను. నోటిమాటపై జమకట్టిన దివాను ఎంత సత్పురుషుడైనను నమ్మదగినవాడు గాడు. లక్ష్మణరావు చరిత్రరచనలోని ప్రధానగుణ మీ లెక్కశీలమే. శాసనము, నాణెము, సమకాలికుని వ్రాత, పరదేశి యాత్రికుని వ్రాత, పిమ్మటి కావ్యము, జనశ్రుతి యను సాక్ష్యములను ఒక్కతూనికలో వేయక, దేనివిలువ దానికి కట్టుట ఆయన పద్ధతి. తెలుగున నప్పటివరకు కావ్యపీఠికలును, స్థలపురాణములును, చాటువులును చరిత్రగా చెల్లుచుండెను. అవి యన్నియు నసత్యములని ఆయన త్రోసివేయలేదు. సాక్షులుగా పిలిచి ప్రశ్నించెను. సాక్షి చెప్పినదంతయు తీర్పులో వ్రాయు న్యాయాధిపతియు తప్పుచేయును, సాక్షిని పిలువనే పిలువనివాడును తప్పుచేయును.

ఆయన వ్యక్తిగతశీలమును ఈ పద్ధతికి భిన్నము గాదు. సంఘసంస్కారమువలన బంధువులచే దూరము చేయబడిన కందుకూరి వీరేశలింగము 1919లో తుదిశ్వాస విడిచినది మదరాసున లక్ష్మణరావు నివసించిన వేదవిలాసముననే. లోకము వెలివేసినవానికి ఇల్లు తెఱచుటయు, లోకము మెచ్చిన కథను సాక్ష్యము లేదని త్రోసివేయుటయు ఒక్క ధైర్యమునకు రెండు రూపములు.

ఇట్టి యధికారి చరిత్రకారుల సంప్రదాయము చీనాదేశమున శతాబ్దులుగా ధారగా సాగినది. అచ్చట ప్రతి మండలమునకును ఒక స్థానికచరిత్రగ్రంథము కూర్చుట మండలాధికారి ధర్మములలో నొకటి. ఎల్లలు, కొండలు, ఏళ్ళు, భూమిశిస్తు, పాఠశాలలు, ఆలయములు, క్షామములు, వచ్చిపోయిన యధికారులు, పేరుగన్న పురుషులు, స్త్రీలు అని ప్రకరణములు. కొన్ని యేండ్లకొకసారి క్రొత్తయధికారి దానిని సరిదిద్ది పొడిగించును. ఈ సంప్రదాయమున 17వ శతాబ్దివాడైన లూ లుంగ్‌చీ ఆదర్శప్రాయుడు. 1630లో జన్మించి, 1670లో రాజ్యపరీక్షలలో నుత్తీర్ణుడై, జియాడింగ్ మండలమునకు అధికారియయ్యెను. ఆ మండలము ధనవంతము; ఆ పదవి ధనార్జనకు సుకరము. పదవి పోయి యూరు విడిచిననాడు ఆతని సామాను కొన్ని పుస్తకములును, భార్య నేతమగ్గమును మాత్రమేనని చీనాచరిత్రకారులు వ్రాసిరి. 1683లో లింగ్‌షౌ అను బీదమండలమునకు పంపబడి, అచ్చటి ప్రజలపై మితిమీఱిన వెట్టిని పొరుగుమండలములతో వంతులవారీగా పంచుకొనునట్లు పైయధికారులతో వాదించెను. అచ్చట నున్న కాలముననే ఆ మండలచరిత్రమును కూర్చెను. పిమ్మట రాజధానిలో పరిశీలకపదవి నందియు, ధనమునకు ఉద్యోగములు విక్రయించుటను ఎదిరించి ఏలినవారి యాగ్రహమునకు పాత్రుడై యింటికి మరలెను. మరణానంతరము 1724లో చక్రవర్తి యాజ్ఞచే కన్‌ఫ్యూషియసు ఆలయమున ఆతనికి స్థానము లభించెను.

లూ లుంగ్‌చీని ఇచ్చట స్మరించుట అలంకారమునకు గాదు. వెట్టిని తగ్గింపవలెనన్నచో ఆ మండలమున నెంత భూమి సాగగుచున్నదో, ఎందఱు జనులున్నారో, పూర్వము శిస్తెంతయో తెలియవలెను. పై యధికారితో వాదించుటకు అంకెలు కావలెను. ఆ యంకెలు మండలచరిత్రలో నుండును. కావున స్థానికచరిత్ర ఆతనికి తీరికవేళ వినోదము గాక, ప్రజలపక్షమున దాఖలుచేయు పత్రమాయెను. అంకె పెంచినను ప్రజలకు నష్టము, తగ్గించినను వాదమునకు నష్టము. అందుచే సత్యము చెప్పుట ఆ యధికారికి శీలముమాత్రమే గాక అవసరమును నయ్యెను. లక్ష్మణరావు దివానుగిరికిని, చరిత్రరచనకును గల సంబంధము ఇట్టిదే.

ఆంధ్రదేశమున అధికారి యాజ్ఞచే స్థానికచరిత్ర కూర్పబడిన ఘట్టము ఒక్కటే ప్రసిద్ధము. కుంఫిణీ కొలువున నుండిన కాలిన్ మెకంజీ (1754–1821) కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరుల సహాయముతో ఊళ్ళ కరణములచే వ్రాయించిన కైఫీయతు లవి. అవి లేనిచో ననేకగ్రామముల పూర్వము నేడు శూన్యమై యుండెడిది. కాని వానిలో రెండు లోపములు గలవు. కరణము అధికారి మెచ్చునట్టిదియు, తన మిరాసీకి భంగము లేనట్టిదియు వ్రాసియుండవచ్చును. అంతకంటె ముఖ్యముగా, చీనాలోవలె ఆ పని తరతరముల సాగక, ఒక్క విదేశీయుని యుత్సాహముతో పుట్టి ఆతనితోనే యాగెను.

ఇంతవరకు లక్ష్మణరావు గుణములు చెప్పబడినవి. విమర్శకునికి లోపము చెప్పుటయు ధర్మము. ఆయన తుదిదశలో తన సర్వశక్తిని ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు ధారపోసెను. సకలశాస్త్రములను అకారాదిగా తెలుగున నందింపవలెనను ఆ సంకల్పము మహత్తరము. కాని మూడు సంపుటములు వెలువడునప్పటికిని అకారము దాటలేదు. 1923 జులై 12న, నలువదియాఱేండ్ల ప్రాయమున, ఆయన మరణించెను. పిమ్మట కాశీనాథుని నాగేశ్వరరావు ఆ కార్యమును మరల నెత్తుకొనవలసివచ్చెను. లింగ్‌షౌ చరిత్ర చిన్నది, కాని ముగిసినది. సర్వస్వము గొప్పది, కాని మొదటి యక్షరముననే నిలిచినది. ఆ శ్రమ వ్యర్థమని యెవ్వరును చెప్పజాలరు. తెలుగువచనము శాస్త్రభారమును మోయగలదని ఆ సంపుటములు నిరూపించినవి. అయినను ఒక్కని యాయుష్షునకు మించిన పని నొక్కడు తలపెట్టుట దివాను లెక్కలో ఆదాయమునకు మించిన వ్యయమే యగును. సర్వమును తెలిసికొనవలెనను కోరిక ఒక తాలూకాను సమగ్రముగా తెలిసికొనుటకు అడ్డుపడరాదు.

ఈ లోపమును ఆయన శిష్యసమానులే సవరించిరి. 1921లో హైదరాబాదున ఆంధ్రజనసంఘము పుట్టెను. మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు మున్నగువారితోపాటు, నేటి మొయినాబాదు మండలమునందలి పెద్దమంగళారమున 1890లో జన్మించిన కొండా వేంకట రంగారెడ్డియు ఆ యుద్యమమున పాల్గొనెను; 1936లో షాద్‌నగరున జరిగిన ఆంధ్రమహాసభ కధ్యక్షత వహించెను. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లా యాయన పేరే ధరించినది. ఈ యుద్యమపు వాతావరణముననే చరిత్రపరిశోధనకు ప్రత్యేకమండలి వెలసి, లక్ష్మణరావు మరణానంతరము ఆయన స్మృతికై లక్ష్మణరాయ పరిశోధకమండలి యయ్యెను. ఆ మండలి 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించెను. ఉపాధ్యాయుడైన ఆదిరాజు వీరభద్రరావు (1890–1973) వంటివారు దానికి ప్రాణముగా నుండిరి. నిజాము ప్రభుత్వమున పురావస్తుశాఖ 1914లోనే యేర్పడి, గులాం యజ్దానీ నాయకత్వమున పెద్దపని చేయుచుండెను. అయినను ఊరిబడి పంతులు చదువగల లిపిలో, ఊరిబడి పంతులు కొనగల గ్రంథముగా శాసనపాఠములను అచ్చువేయుట మండలి చేసిన ప్రత్యేకోపకారము. సర్వమును వ్రాయుటకంటె ఉన్నదానిని చెడకుండ నకలు తీయుట ముందు చేయవలసిన పనియని మండలివారు గ్రహించిరి.

ఇట్టి నకళ్ళను ఎట్లు వినియోగింపవలెననుటలో చరిత్రకారుని ఋజుత్వము పరీక్షింపబడును. శాసనమునకు సామాన్యముగా కొన్ని యంగములు గలవు: మంగళము, ప్రశస్తి, కాలము, దానము, ఎల్లలు, శాపవాక్యము, లేఖకుని పేరు. పండితుని మనస్సు మొదట ప్రశస్తిపైననే నిలుచును. ఏలయన నందు కవిత్వమున్నది. కాని ప్రశస్తి పొగడ్త. ప్రతిరాజును దిగ్విజయి, ప్రతిసామంతుడును శరణాగతవజ్రపంజరుడు. స్థానికచరిత్రకు సారము దానభాగముననే యున్నది. ఏ చెరువు వెనుక నెన్ని మర్తురుల నేల యిచ్చిరి, తూర్పున నే కాలువ, దక్షిణమున నే పుట్ట, పడమట నే చింతచెట్టు, ఏ పన్ను మాన్యమాయెను, ఎవరు సాక్షులు. రాజు ఎవరికైనను రాజే. ఆ చింతచెట్టు మాత్రము ఆ యూరిదే. ప్రశస్తినుండి పొగడ్తను తీసివేసి, దానమునుండి ఊరిని గ్రహించువాడు నిజమైన స్థానికచరిత్రకారుడు.

ఈ పద్ధతిని చేవెళ్ళ మొయినాబాదు ప్రాంతమున కన్వయించినచో కర్తవ్యము స్పష్టమగును. మొదట ఊళ్ళపేర్లు. చిలుకూరున ‘ఊరు’ కలదు, ఎనికేపల్లిలో ‘పల్లి’ కలదు, మొయినాబాదున పారసీకపు ‘ఆబాదు’ కలదు. ఒక్క పిలుపుదూరమున నున్న మూడుపేర్లు మూడువిధముల నివాసక్రమమును సూచించును. అయినను పేరును బట్టి కథ కల్పించుట కూడదు. ఆ పేరు మొట్టమొదట నే లేఖమున కనబడుచున్నదో దానినే వ్రాయవలెను. పిమ్మట చెరువులు: కట్ట, తూము, అలుగు, వానిలో చేర్చిన పాతరాళ్ళు. ఆ పిమ్మట నిజాము ప్రభుత్వకాలపు రెవెన్యూ దఫ్తరములు. అవి పారసీకమునను, పిమ్మట ఉర్దూలోను వ్రాయబడినవి. తెలుగుపండితు డాభాషను ఎఱుగనని తప్పించుకొనినచో ఆ కాలపు చరిత్ర సగము పోవును. మరాఠీని స్వంతము చేసికొన్న లక్ష్మణరావు ఈ విషయమున మార్గదర్శి. చివరగా వృద్ధుల నోటిమాట. అది నోటిమాటయనియే గుర్తించి వ్రాయవలెను, రాతిమాటతో కలుపరాదు.

ఈ పనికి కాలము మిక్కిలి లేదు. రెండుసాగరముల నీటిని కాపాడుటకై 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వోత్తరువు ఎనుబదినాలుగు గ్రామములలో కట్టడములను నిర్బంధించెను. మొయినాబాదు చేవెళ్ళ ప్రాంతపు పల్లెలు పెక్కు లందున్నవి. ఆ యుత్తరువు నీటికొఱకు పుట్టినదయ్యును, పాతఊరి రూపమును కూడ కొంత నిలిపెను. 2022లో ఆ నిర్బంధమును సడలించుచు వేఱొక ఉత్తరువు వెలువడెను. నగరము పడమటికి ప్రాకుచున్నది, పొలములు ఇండ్లస్థలములగుచున్నవి. పొలము గట్టుమీది రాతికి అక్షరములున్నవో లేవో యంత్రము చూడదు. తూములో చేరిన రాయి వేయేండ్లు నిలిచెను; పునాదిగోతిలో పడిన రాయి ఒక్కదినమున మాయమగును.

ఇచ్చట నొక యాక్షేపము కలుగవచ్చును. ఋజువర్తనుడైనవాడు తప్పు చరిత్ర వ్రాయడా? వక్రవర్తనుడైనవాడు సరియైన తేదీని కనుగొనలేడా? శీలమునకును పాండిత్యమునకును ముడిపెట్టుట నీతికథయే గాని విమర్శ గాదు గదా యని. ఈ యాక్షేపము తేలికగా త్రోసివేయదగినది గాదు. సత్పురుషులును పొరబడిరి, లక్ష్మణరావు కాలపు నిర్ణయములలో పెక్కింటిని పిమ్మట దొరికిన శాసనములు మార్చినవి. కాని రెండు పొరపాట్లకు భేదము గలదు. సాక్ష్యమును చూపి చేసిన పొరపాటును తరువాతివాడు దిద్దగలడు; ఏలయన నది యెచ్చట జరిగినదో కనబడును. సాక్ష్యమును దాచి చేసిన నిర్ణయము సరియైనదే యైనను ఎవ్వరికిని ఉపయోగపడదు. ఏలయన దానిని పరీక్షించుటకు దారి లేదు. లెక్కలో కూడిక తప్పిన దివానును క్షమింపవచ్చును, రసీదు చింపినవానిని క్షమింపరాదు. చరిత్రకారుని ఋజుత్వమనగా తప్పుచేయకుండుట గాదు, తన తప్పు పట్టుకొనుటకు వీలిచ్చుట.

ఈ దృష్టితో చూచినచో ఎనికేపల్లి స్తంభములను గూర్చి నేడు వ్రాయదగిన సత్యచరిత్ర కొద్ది వాక్యములే. రెండు రాళ్ళు, నాలుగేసి మూర్తులు, ఒక లిపి, ఒక తూము, చదువవలసిన పంక్తులు. ఇంతకు మించి వ్రాసినచో అది చరిత్ర గాదు. ఇంత కూడ వ్రాయకున్నచో అది నిర్లక్ష్యము. ఆ కొద్ది వాక్యములు, ఊరిపేరు, స్తంభపు కొలతలు, రాతిపై పడిన అక్షరముల నకలు ఒక కాగితమున చేర్చి భద్రపఱచు శక్తి గ్రామపాఠశాలలోని ప్రతి తెలుగుపండితునికిని గలదు. అందుకు పెద్ద గ్రంథాలయము అక్కఱలేదు. చదువలేని యక్షరమునకు చుక్క పెట్టి విడుచు నిగ్రహము కావలెను. లూ లుంగ్‌చీ పుస్తకములతోను మగ్గముతోను ఊరు విడిచినప్పుడు ఆతని చేతులెట్లు శుభ్రముగా నుండెనో, చుక్కపెట్టి విడిచిన ఆ పండితుని నకలును అట్లే శుభ్రముగా నుండును. లక్ష్మణరావు మొదటి యక్షరముతో నిలిపిన సర్వస్వము మిగిలిన యక్షరములను ఇట్టి నకళ్ళనుండియే పొందవలసియున్నది.